బస్సు దిగాక రైలెక్కేదాకా



కొడకండ్లకు రైలు రాదు. జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం అది. ఒక పక్క దేవరుప్పుల, పాలకుర్తి, ఇంకో పక్క తిరుమలగిరి, తొర్రూరు. మగ్గాల ఊరు. ఇక్కడి నేతన్నలు పని వెతుక్కుంటూ సూరత్‌కు, భీవండికి, షోలాపూర్‌కు వలస పోయారు. సూరత్ ఎంత దూరమైనా, ఒకసారి రైల్లో సీటు దొరికిందంటే కూర్చున్నచోటే కునుకు తీస్తూ పోవచ్చు. అదే మనిషి సికింద్రాబాద్‌లో దిగి కొడకండ్ల చేరాలంటే మిగిలింది సుమారు నూట ఇరవై కిలోమీటర్లే. ఆ కాస్త దూరానికి రెండు మూడు బండ్లు మారాలి. ఒకచోట అరగంట, ఇంకోచోట ముప్పావుగంట నిలబడాలి. పండగ రోజైతే ఆ లెక్క కూడా ఉండదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మారే చోటు గురించి. రైలు దిగి బస్సెక్కే చోటు, బస్సు దిగి రైలెక్కే చోటు. మన ప్రయాణాల్లో సమయం, డబ్బు, ఓపిక ఎక్కువగా ఖర్చయ్యేది అక్కడే. రైలు వేగం పెంచడానికి వేల కోట్లు పెడుతున్నాం. రోడ్లు వెడల్పు చేయడానికీ పెడుతున్నాం. రెండింటి నడుమ ఉన్న ఆ వంద గజాల గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

విచిత్రం ఏమిటంటే, ఒకప్పుడు మన దగ్గర రైలూ బస్సూ నడిపింది ఒకే సంస్థ. సికింద్రాబాద్ నుంచి జనగామ మీదుగా వరంగల్ దాకా రైలు మార్గం 1886లో పూర్తయింది. మరో మూడేళ్లకు, 1889లో, అది బెజవాడ చేరింది. అప్పటిది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీ. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కొని సొంతం చేసుకుంది. రెండేళ్లకే, 1932లో, ఆ రైల్వేలోనే ఒక రోడ్డు రవాణా విభాగం పెట్టి బస్సులు మొదలుపెట్టింది. తొలినాడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. మన ఆర్టీసీకి మూలం అదే.

ఆ కాలంలో దేశమంతటా రైల్వే కంపెనీలు మోటారు బస్సును శత్రువుగా చూస్తున్నాయి. తమ ప్రయాణికుల్ని లాక్కుపోతోందని ప్రభుత్వాలకు మొరపెట్టుకుంటున్నాయి. హైదరాబాద్ సంస్థానం మాత్రం పోట్లాట మానేసి, రెండింటినీ ఒకే యజమాని చేతికి ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక రైల్వే కేంద్రానికి పోయింది, బస్సులు 1951లో రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది, అందులోంచి వచ్చిందే ఇప్పటి తెలంగాణ ఆర్టీసీ. ఎవరి ఆఫీసు వారిది, ఎవరి టైంటేబుల్ వారిది, ఎవరి టికెట్ వారిది. పాలనకు సంబంధించి అందులో తప్పేమీ లేదు. కానీ ఆ వేరుపాటు బరువు ప్రయాణికుడి నెత్తిన పడింది. మూటలతో, పిల్లలతో, మందుల సంచితో ఆ రెండు ఆఫీసులను కలుపుతున్నది అతనే.

జనగామ స్టేషన్ చూద్దాం. సికింద్రాబాద్‌కు సుమారు 85 కిలోమీటర్లు. నూట యాభై కిలోమీటర్ల లోపు కాబట్టి నెలవారీ సీజన్ టికెట్ తీసుకుని రోజూ పోయి రావచ్చు. అట్లా పోయి వచ్చే ఉద్యోగులు, విద్యార్థులు, చిరు వ్యాపారులు ఈ ప్రాంతంలో చాలామందే ఉన్నారు. పొద్దున రైలు అందుకోవాలంటే కొడకండ్ల మనిషి ఊళ్లో తొలి బస్సు పట్టుకుని దేవరుప్పుల మీదుగా జనగామకు రావాలి. బస్సు బస్టాండ్‌కు పోతుంది. రైలు స్టేషన్‌లో ఆగుతుంది. నడుమ ఆటో, లేదా కాళ్లు.

సాయంత్రం సంగతి ఇంకా చిక్కు. సికింద్రాబాద్ నుంచి వచ్చే రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం అనుకుందాం. ఆ ఆలస్యం స్టేషన్ బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో కనపడుతుంది, మైకులో మూడు భాషల్లో వినపడుతుంది, చేతిలో ఫోనుంటే అందులోనూ తెలుస్తుంది. బస్టాండ్‌లో కంట్రోలర్ ముందున్న రిజిస్టర్‌కు మాత్రం అది చేరదు. ఆయన టైమయిందని విజిల్ వేస్తాడు. డ్రైవర్ బండి తీస్తాడు. ఇద్దరూ తమ డ్యూటీ తాము సరిగ్గా చేశారు. బస్సు సగం ఖాళీగా పోతుంది. పది నిమిషాల తర్వాత ఆ సగం సీట్లలో కూర్చోవలసినవాళ్లు ఆటో దిగి పరుగెత్తుకొస్తారు. తర్వాతి బస్సు ఉంటే గంట కూర్చుంటారు, లేకపోతే నలుగురైదుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటారు. సికింద్రాబాద్ నుంచి జనగామకు రైలుకు పెట్టినదానికన్నా జనగామ నుంచి ఊరికి ఆటోకు పెట్టింది ఎక్కువవుతుంది.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. చివరి బస్సు తప్పిపోతే ఉచితంగా ఇల్లు చేరవలసిన ఆడమనిషి ఆ రాత్రి ఆటోకు వందలు పోయాలి. పథకం ఇచ్చినదాన్ని ఇరవై నిమిషాల తేడా తీసేసుకుంటుంది.

రవాణా ప్రణాళికలు వేసేవాళ్లకు ఒక లెక్క ఉంది. బండిలో కూర్చుని కదులుతున్న నిమిషాన్ని ఒకటిగా లెక్కిస్తే, రోడ్డు మీద నిలబడి ఎదురుచూసే నిమిషాన్ని దాదాపు రెండుగా లెక్కిస్తారు. మనిషికి అది అంత బరువుగా తోస్తుంది కాబట్టి. బండి వస్తుందో రాదో తెలియకపోతే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. ఆ లెక్కన జనగామలో గంటసేపు కాచుకోవడమంటే రెండు గంటల ప్రయాణంతో సమానం. జనగామ నుంచి సికింద్రాబాద్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు అంత సమయం కూడా తీసుకోదు.

ఇక అవతలి కొసకు, హైదరాబాద్‌కు పోదాం. అక్కడ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. రెండో దశలో మన వైపు ఘట్‌కేసర్ దాకా వచ్చింది. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి రైలు మొదలుపెట్టారు. ఈ మార్గం సికింద్రాబాద్ రద్దీలోకి పోదు. నేరేడ్‌మెట్, అమ్ముగూడ, సుచిత్ర సెంటర్ వంటి ఆరు కొత్త స్టేషన్ల మీదుగా చుట్టి హైటెక్ సిటీ వైపు పోతుంది. మన ఊళ్ల నుంచి పోయి ఆ వైపు పనిచేస్తున్న పిల్లలు ఎంతమందో. జనగామలో రైలెక్కి, ఘట్‌కేసర్‌లో దిగి, ఎదురుగా ఉన్న లోకల్ ఎక్కి, హైటెక్ సిటీలో దిగితే ఎంత బాగుండు! మ్యాపులో చూస్తే ఇది అచ్చంగా వాళ్ల కోసమే వేసినట్టుంది. కానీ వరంగల్ వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువభాగం ఘట్‌కేసర్‌లో ఆగవు. ఆ మార్గంలో లోకల్ రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. పట్టాలు కలిశాయి, సమయాలు కలవలేదు.

ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి స్టేషన్, అంటే పాత రాయగిరి దాకా, మరో 33 కిలోమీటర్లు ఎంఎంటీఎస్ పొడిగించాలన్న పని మంజూరై ఏళ్లు గడిచాయి. అది పూర్తయితే లోకల్ రైలు భువనగిరి దాటి మనకు ఇంకా దగ్గరికి వస్తుంది. అప్పుడు ఆలేరు, మోత్కూరు, తిరుమలగిరి వైపు బస్సులు ఆ స్టేషన్ దగ్గర ఆగాలా, ఊరవతలి రోడ్డు మీదే పోవాలా అన్నది ఇప్పుడే ఆలోచించాలి. స్టేషన్ కట్టాక రోడ్డు వెతుక్కుంటే ఏమవుతుందో చర్లపల్లిలో చూశాం.

చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. దాదాపు 413 కోట్ల రూపాయల ఖర్చు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, విశాలమైన హాలు, లోపల విమానాశ్రయం తీరు. సికింద్రాబాద్ మీద భారం తగ్గించడానికి కొన్ని రైళ్లను అక్కడి నుంచి నడుపుతున్నారు. గేటు దాటి బయటికి వస్తే చుట్టూ ఇరుకు రోడ్లు, పారిశ్రామికవాడ లారీలు. మెట్రో లేదు. ఆర్టీసీ బస్సులు వేసింది నిజమే. కానీ తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగినవాడికి ఎదురయ్యేది బస్సు కాదు, ఆటో బేరం. రాజధాని గర్వంగా చెప్పుకోదగ్గ స్టేషన్ భవనం అది. ఇంటర్‌చేంజ్, అంటే బండి మారే చోటు అనిపించుకోవడానికి ఇంకా దూరం ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఉప్పల్. వరంగల్, జనగామ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లలో చాలామంది సికింద్రాబాద్ దాకా, ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోరు. ఉప్పల్ చౌరస్తాలోనే దిగిపోతారు. అక్కడ మెట్రో ఉంది. 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్ దాకా మెట్రో మొదలైన రోజు నుంచీ ఇదే అలవాటు. అయితే మొదట్లో బస్సు దిగి మెట్రో మెట్ల దాకా చేరాలంటే నాలుగు వైపుల నుంచి దూసుకొచ్చే బండ్లను తప్పించుకుంటూ చౌరస్తా దాటాల్సి వచ్చేది. మూట నెత్తిన పెట్టుకున్న అవ్వ ఒక చేయి ఎత్తి బండ్లను ఆపుకుంటూ దాటడం అప్పట్లో అక్కడ రోజూ కనపడిన దృశ్యం. 2023 జూన్‌లో ఆ చౌరస్తా చుట్టూ ఆకాశ వంతెన తెరిచారు. నాగోలు రోడ్డు, రామంతాపూర్ రోడ్డు, వరంగల్ రోడ్డు, ఏ వైపు దిగినా లిఫ్టెక్కి నేరుగా మెట్రో స్టేషన్‌కు నడిచిపోవచ్చు. మొత్తం మెట్రోకు పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఆ వంతెన ఖర్చు ఏపాటిది? కానీ బస్సును, మెట్రోను నిజంగా కలిపింది అదే.

ఇంతవరకూ మామూలు బస్సు గురించి చెప్పాను. ప్రపంచంలో చాలా నగరాలు బస్సుకే రైలు లక్షణాలు ఇచ్చాయి. దాన్ని బీఆర్టీఎస్ అంటారు. రోడ్డు నడుమ బస్సుకు ప్రత్యేకంగా ఒక దారి. అందులోకి కార్లు, ఆటోలు రాకూడదు. స్టాపు రైల్వే ప్లాట్‌ఫారంలా ఎత్తుగా ఉంటుంది, బస్సు నేలతో సమానంగా. మెట్లెక్కే పని లేదు. టికెట్ స్టాపులోనే ముందుగా తీసుకుంటారు, కాబట్టి అన్ని తలుపుల నుంచీ ఒకేసారి ఎక్కి దిగవచ్చు. బ్రెజిల్‌లోని కురిటీబా నగరం 1974లో ఈ పద్ధతికి దారి చూపింది. కొలంబియా రాజధాని బొగోటా 2000లో దాన్ని భారీ ఎత్తున చేసి చూపింది. మెక్సికో నగరంలో బ్వేనావిస్తా అనే పాత రైల్వే స్టేషన్ ఉంది. 2008 నుంచి శివారు లోకల్ రైళ్లు అక్కడికి వస్తున్నాయి. ఆ స్టేషన్ ముందే మెట్రో, ప్రత్యేక దారి బస్సులు ఉన్నాయి. శివారు పల్లె నుంచి వచ్చినవాడు అక్కడ దిగి నగరంలో ఏ మూలకైనా పోవచ్చు.

మన దేశంలో ఢిల్లీ 2008లో మొదలుపెట్టి, కార్లవాళ్ల గగ్గోలు తట్టుకోలేక 2016లో పీకేసింది. అహ్మదాబాద్ 2009లో మొదలుపెట్టి నిలబెట్టుకుంది. ఇప్పుడు అక్కడ సబర్మతిలో బుల్లెట్ రైలు స్టేషన్‌ను, మామూలు రైల్వే స్టేషన్లను, మెట్రోను, బీఆర్టీఎస్‌ను పాదచారుల వంతెనలతో కలుపుతూ ఒక పెద్ద కేంద్రం కట్టారు.

తెలుగు నేల మీద కూడా ఈ ప్రయత్నం జరిగింది. జేఎన్ఎన్‌యూఆర్ఎం అనే కేంద్ర పథకం నిధులతో విజయవాడలో, విశాఖలో బీఆర్టీఎస్ దారులు వేశారు. విశాఖలో ఒకటి పెందుర్తి వైపు, ఒకటి సింహాచలం వైపు. ఆ రెండుచోట్లా రైల్వే స్టేషన్లు ఉన్నాయి. కలిపి ఉంటే దేశానికి పాఠమయ్యేది. ఇవాళ విజయవాడలో ఎవరినడిగినా బీఆర్టీఎస్ రోడ్డు ఎక్కడో చూపిస్తారు. సాయంత్రమైతే ఆ రోడ్డు మీద టిఫిన్ బండ్లు, నడకకు వచ్చినవాళ్లు. అనుకున్న తీరులో బస్సు మాత్రం లేదు. హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ నుంచి కోకాపేట వైపు ఎత్తైన బస్సు మార్గం వేసి, దారిలో హైటెక్ సిటీ ఎంఎంటీఎస్‌ను, రాయదుర్గం మెట్రోను కలపాలని ప్రతిపాదన వచ్చింది. అది కాగితం దాటలేదు.

ఈ అనుభవాలన్నీ చూస్తే ఒక సంగతి తేలుతుంది. దారి వేయడం ఇంజనీరు పని, అది మనవాళ్లకు వచ్చు. ఆ దారిలో బస్సును టైముకు నడపడం, రైలుతో దాని వేళ కలపడం, ఒక టికెట్‌తో రెండూ ఎక్కనివ్వడం, ఇవి రెండు మూడు సంస్థలు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పనులు. మనం తప్పుతున్నది అక్కడే. బేగంపేట స్టేషన్ చూడండి. ఎంఎంటీఎస్, మెట్రో దగ్గరదగ్గరగానే ఉన్నాయి. 2025 మేలో ఆ రైల్వే స్టేషన్‌ను కొత్తగా తీర్చిదిద్ది తెరిచారు కూడా. అయినా దీని టికెట్ దాంట్లో చెల్లదు. ఒకే కార్డుతో దేశంలో ఏ బండైనా ఎక్కవచ్చని నేషనల్ కామన్ మొబిలిటీ కార్డును 2019 మార్చిలోనే ప్రకటించారు. కార్డు వచ్చింది, దాన్ని తీసుకునే గేట్లు అంతటా రాలేదు.

పల్లెకు పనికొచ్చే పాఠం కావాలంటే స్విట్జర్లాండ్ చూడాలి. అక్కడ 1982 నుంచి రైళ్లన్నీ గంట గంటకూ ఒకే నిమిషానికి వచ్చేలా దేశమంతటా వేళలు కుదిర్చారు. ఆ వేళలకు తగ్గట్టు కొండ ఊళ్లకు పోయే పసుపుపచ్చ పోస్టు బస్సులు స్టేషన్ గుమ్మంలో నిలబడి ఉంటాయి. రైలు వస్తుంది, జనం దిగి బస్సెక్కుతారు, బస్సు కదులుతుంది. అందుకు పెద్ద భవనాలేమీ అక్కర్లేదు. ముందు టైంటేబుల్ రాసుకున్నారు, దాన్ని బట్టి ఎక్కడ ఎంత కట్టాలో తేల్చుకున్నారు. మనం ముందు కట్టి, తర్వాత టైంటేబుల్ గురించి ఆలోచిస్తున్నాం.

ఇప్పుడు జనగామ స్టేషన్‌కు మంచి అవకాశం వచ్చింది. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న తెలంగాణలో 21 స్టేషన్ల ఆధునికీకరణకు శంకుస్థాపన చేశారు. వాటిలో జనగామ, మహబూబాబాద్, కాజీపేట, యాదాద్రి ఉన్నాయి. అంటే మన చుట్టుపక్కల జనం ఎక్కి దిగే ముఖ్యమైన స్టేషన్లు చాలావరకు ఆ జాబితాలో ఉన్నట్టే. రైలు లేని ఊళ్లవాళ్లూ ఈ వైపు స్టేషన్లకే రావాలి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి, కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, ప్రయాణికుల రైలు మాత్రం లేదు. అక్కడివాళ్లు వరంగల్‌కో కాజీపేటకో బస్సులో రావలసిందే. తొర్రూరువాళ్లు మహబూబాబాద్‌కో జనగామకో పోవాలి. ఈ ప్రాంతంలో రైలుకు బస్సే మొదటి మెట్టు. స్టేషన్ ముందు తోట వేసి, తోరణం కట్టి, బస్సు లోపలికి తిరగడానికి జాగా వదలకపోతే ఆ అందం ఎవరి కోసం?

జనగామకు బీఆర్టీఎస్ అక్కర్లేదు. అంత జనమూ లేరు, అంత ఖర్చూ అనవసరం. కావలసినవి చిన్న పనులు. సాయంత్రం ముఖ్యమైన రైళ్లు వచ్చే వేళకు కొడకండ్ల, పాలకుర్తి, దేవరుప్పుల, తొర్రూరు వైపు పోయే బస్సులు స్టేషన్ ముందు నుంచి బయల్దేరాలి. బస్టాండ్ కంట్రోలర్‌కు రైలు ఆలస్యం తెలిసే ఏర్పాటు ఉండాలి. దానికి ఒక ఫోను చాలు. చివరి బస్సు చివరి రైలు వచ్చాకే కదలాలి, ఒక పావుగంట హద్దు పెట్టుకున్నా సరే. స్టేషన్ గోడ మీద బస్సుల వేళలు, బస్టాండ్ గోడ మీద రైళ్ల వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. స్టేషన్‌కూ బస్టాండ్‌కూ నడుమ ఆడవాళ్లు రాత్రిపూట భయం లేకుండా నడిచే దీపాల దారి ఉండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కోట్లు అక్కర్లేదు.

అయితే ఇవి అడగనిదే రావు. రైల్వేవాళ్లు తమ పని పట్టాల దాకా అనుకుంటారు, ఆర్టీసీవాళ్లు తమ పని బస్టాండ్ దాకా అనుకుంటారు. నడుమ ఉన్న జాగా ఎవరిదీ కాదు కాబట్టి అది మనదే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. అర్జీ పెట్టండి. జనగామ డిపో మేనేజర్‌కు ఒక ప్రతి ఇవ్వండి. రైల్వేలో ప్రయాణికుల తరఫున మాట్లాడటానికి డివిజన్ స్థాయిలో సలహా సంఘం ఉంది. మీ ప్రజాప్రతినిధి ద్వారా దానికీ ఒక ప్రతి పంపండి. అర్జీలో కొత్త రైలు వేయమని, ఊరికి స్టేషన్ తెమ్మని రాయకండి. ఫలానా రైలు దిగాక ఫలానా ఊరికి బస్సు ఎన్నింటికి కావాలో, ఆ బస్సెక్కేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కతో రాయండి. సంతకాలు పెట్టించండి. లెక్క చూపించి అడిగిన బస్సును కాదనడం ఏ అధికారికైనా కష్టం.